డేగులో ఖాళీగా నాలుగు రోజులు

మా అమ్మాయి బ్రిట్ తిండి కోసం కొరియా వెళ్తానంది. నేను నమ్మలేదు.

ఎలా నమ్ముతాను? మా ఇంట్లో ఉప్పు రోజువారీ మసాలా, మిరియం పండగ మసాలా. కెచప్ తింటేనే మా ఆయన వెర్లిన్‌కి ముక్కు కారుతుంది. అలాంటి ఇంట్లో ఓవెన్లో కాల్చిన చప్పటి బంగాళాదుంపల హాట్‌డిష్ తిని పెరిగిన పిల్లకి, ముప్పై ఏడో ఏట ఉన్నట్టుండి క్యాబేజీ పచ్చడి మీద మనసు పుట్టిందంటే వెనక ఇంకేదో ఉన్నట్టే. పాత రాజభవనాలు చూస్తుందట, ఆ దేశపు బట్టలు కట్టుకుని ఫోటో దిగుతుందట, బజార్లో నిలబడి తింటుందట. ఇవన్నీ చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా నా మొహంలోకి చూడలేదు.

బ్రిట్ పుట్టింది అక్కడే. ఐదు నెలల పిల్లగా మినియాపోలిస్ విమానాశ్రయంలో నా చేతుల్లోకి వచ్చింది. ఆ తర్వాత వెర్లిన్‌తో చేపలు పట్టడానికి కెనడా వెళ్ళిందంతే. మిన్నెసోటాలో ఎవరూ కెనడాని విదేశమనరు. కాబట్టి దానికిదే మొదటి విదేశ ప్రయాణం.

నా అనుమానం ఎక్కడ పుట్టిందో కూడా చెప్పేస్తాను. దానికి పన్నెండేళ్ళప్పుడు దత్తత సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. కన్నతల్లి డేగు అనే ఊళ్ళో ఉందని, పిల్ల ఫోటో ఒక్కటి పంపితే చాలంటోందని. పేరు రాయలేదు. నేను జవాబివ్వలేదు. వెర్లిన్‌కి చెప్పలేదు. ఉత్తరాన్ని కుట్టుమిషను సొరుగులో దారపుండల కింద పెట్టాను. పెద్దయ్యాక ఇద్దామనుకున్నాను. అది పెద్దదైంది, చదువుకుంది, పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగంలో చేరింది. ఇస్తే నా పిల్ల నాది కాకుండా పోతుందేమోనని భయం, అందుకే ఇవ్వలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషిని నేను.

ఇక దాన్ని కనిపెట్టడం మొదలుపెట్టాను. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో భోంచేసి, వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి, ఏ రోజు ఎక్కడో రాసుకునేది. నేను కాఫీ పోసే నెపంతో వంగి చదివేదాన్ని. సియోల్ ఐదు రోజులు. పొద్దున ఏం తినాలి, సాయంత్రం ఏం తినాలి, ఏ రైలెక్కాలి, అన్నీ ఉన్నాయి. దాని కింద డేగు, నాలుగు రోజులు. పక్కన ఏమీ లేదు. ఒక భవనం పేరు లేదు, ఒక తిండి పేరు లేదు. అక్కడేముందని అడిగితే ఊరికే విశ్రాంతికంది. విశ్రాంతి కోసం పదమూడు గంటలు విమానంలో కూర్చునేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. మళ్ళీ కాఫీ పోశాను.

వెర్లిన్‌తో అంటే, పిల్ల పచ్చడి తినడానికి పోతుంటే నువ్వు పోలీసులా తయారయ్యావేమిటన్నాడు. బ్రిట్ మా గరాజులో ఆ క్యాబేజీ పచ్చడి ఊరబెట్టిన జాడీలోంచి తనే సగం లాగించాడు, చెమటలు కక్కుకుంటూ. ఆయన మాటకి విలువేముంది?

ఆ తర్వాతి ఆదివారం ఇంకో దెబ్బ తగిలింది. గిన్నెలు తుడుస్తూ, నువ్వూ రావచ్చుగా అమ్మా అంది. నేనెందుకు, నీకు అడ్డం అన్నాను. మా వైపు ఎవరేం ఇవ్వబోయినా మొదటిసారి వద్దంటాం, అది మర్యాద. రెండోసారీ వద్దంటాం, అది మొహమాటం. మూడోసారి అడిగితే, మీకు ఇబ్బంది లేకపోతే సరే అంటాం. కేకు ముక్కైనా అంతే. వెర్లిన్ నన్ను పెళ్ళికి కూడా మూడుసార్లు అడిగాడు. బ్రిట్‌కి ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అలాంటిది ఒక్కసారి అడిగి, సరేలే అని తువ్వాలు మడతపెట్టేసింది. ఒక్కసారి పిలిచారంటే రావద్దని అర్థం.

అది వెళ్ళగానే సొరుగు తీశాను. ఉత్తరం ఉన్నచోటే ఉంది. అయినా మనసు ఊరుకోలేదు. ఎర్ర దారపుండ నేను ఎడమ వైపు పెట్టానా, కుడి వైపా? అల్మరాలోంచి ఆల్బం తీశాను. పన్నెండు చోట్ల ఫోటోలు లేవు. బోసినవ్వుది, స్కూలు మొదటి రోజుది, ముందు పన్ను ఊడినప్పటిది. 

ప్రయాణం వారం ఉందనగా పెట్టె అడిగి తీసుకెళ్ళడానికి వచ్చింది. ఉత్తరం తెచ్చి దాని ముందు పెట్టాను.

"ఇది నీది. పాతికేళ్ళ కిందటే ఇవ్వాల్సింది."

బ్రిట్ దాన్ని ముట్టుకోలేదు. "తెలుసమ్మా. పోయినేడు సంస్థకి రాశాను. ఆ ఉత్తరం మీ అమ్మకి ఎప్పుడో పంపామన్నారు."

"మరి నన్నెందుకు అడగలేదే?"

"నువ్వే చెప్తావని చూశాను. అందుకే ఆ నాలుగు రోజులూ ఖాళీ ఉంచి కాగితం నీ కళ్ళెదురుగా పరిచాను. ప్రతి ఆదివారం. నువ్వొచ్చి చదివేదానివి, కాఫీ పోసేదానివి."

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. కన్నతల్లిని చూడ్డానికేనా అని అడిగాను.

"తిండి కోసమన్నది అబద్ధం కాదు. ఆవిడకి బజార్లో చిన్న సూపు కొట్టుంది. ఒక గిన్నె నాకు తినిపించాలని ఉందట."

ఆ గిన్నె మీద నాకు అసూయ పుట్టింది. చెప్పుకోవడానికి బాగోదు, కానీ పుట్టింది. మా వైపు పిలవకుండా వస్తానని ఎవరూ అడగరు. నేను అడిగాను.

"నేనూ వస్తానే."

"వద్దులే అమ్మా, అంత దూరం నీకు కష్టం."

"నాకేం కష్టం? సామాను మోస్తాను. బయటే కూర్చుంటాను."

"అయ్యో, వద్దమ్మా."

ఇక మూడోసారి అడగడం మిగిలింది. మూడో జవాబే మా దగ్గర అసలు జవాబు. దాని చెయ్యి పట్టుకున్నాను.

"బ్రిట్, నన్ను తీసుకెళ్ళు."

అది చెయ్యి లాక్కోలేదు. నా మొహంలోకి చూసింది.

"వద్దు. మొదటిసారి నేనొక్కదాన్నే చూడాలి."

మూడోసారి కూడా వద్దన్న మనిషిని మా ఊళ్ళో నేనింతవరకూ చూడలేదు. ముప్పై ఏడేళ్ళలో నా కూతురు నాతో మొహమాటం లేకుండా అన్న మొదటి మాట అదే. నొప్పెట్టింది. సరే అన్నాను. కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చుని, ఆవిడ పేరేమిటని అడిగాను.