తడి లేని చేతులు

ఆ షెడ్డు కిటికీలకు చెక్కలు కొట్టించింది యజమానులు మీరు కాదా, సురేంద్రగారూ? ఫ్యాను స్విచ్చి మీద టేపు అతికించింది మీ సూపర్‌వైజరు కాదా? తనిఖీకని వచ్చి, గుమ్మంలోనే కొబ్బరిబోండాం తాగి, లోపలికి తొంగి కూడా చూడకుండా కారెక్కిన దొరా, నువ్వు కాదా? ‘చేత్తో చేసిందట, ఎంత ముద్దుగా ఉందో’ అంటూ ఆ గ్రీటింగు కార్డులు కొని పంచుకున్న మనం కాదా? తల తిప్పుకోకండి. అచ్చాయమ్మ ఆ రోజు ఎలా పనిచేసిందో చూడండి.

రామచంద్రపురం పొలిమేరలో పాత రైసుమిల్లు గోడౌను. పైన రేకులు. రోహిణీకార్తె ఎండ ఆ రేకుల మీద పొయ్యి పెట్టి కూర్చుంది. కింద పొడవాటి బల్ల, దానికి రెండు పక్కలా ఆడవాళ్ళు. అచ్చాయమ్మ చేతిలో కత్తి అప్పటికే నడుస్తోంది. పూల డిజైను కాగితాలు కొన్ని పేర్చి, అంచులు సరిచేసి, క్లిప్పు పెట్టి, స్టీలు స్కేలు ఆనించి ఒక్క లాగుడులో కోస్తోంది. ముందు పట్టీలు. మిగిలినదాంట్లో చదరాలు. మిగిలిన మూలల్లో పువ్వులు, ఆకులు. చెత్తబుట్టలోకి పోయేది గోరంత.

కొత్తగా చేరినవాళ్ళు ఒక్కో కార్డు మొదలెట్టి, అది అయ్యాక ఇంకోటి అందుకుంటారు. అచ్చాయమ్మకు నవ్వొస్తుంది.

“చేపలు శుభ్రం చేసేటప్పుడు ఒక్కోటీ పొలుసు తీసి, ఒక్కోటీ కోసి కూర్చుంటే బేరం పోద్దే! అన్నిటికీ పొలుసు తియ్యి, అన్నిటికీ పొట్ట కొయ్యి, ఆనక ముక్కలు. ఇదీ అంతే.”

అందుకే ఆ బల్ల మీద ముందు అట్టలన్నీ మడత పడతాయి. తర్వాత అన్నిటికీ పట్టీలు. పువ్వులు ఆఖర్న.

ఆమెది కోటిపల్లి రేవు వైపు పల్లె. మొగుడు ముసలయ్య గోదాట్లో వల వేస్తే, ఈమె తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. తట్ట ఆనిన చోట నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. మెడ కొంచెం లోపలికి దిగింది. వేళ్ళ నిండా చేపముళ్ళు గుచ్చిన పాత మచ్చలు. “చేపలోయ్” అంటే మూడు వీధుల అవతల పిల్లులు లేచేవట. మోకాళ్ళు అరిగాక తట్ట దించి ఇక్కడికొచ్చింది. ఇక్కడ గట్టిగా మాట్లాడితే కాగితం ముక్కలు చెదురుతాయి. తుమ్మొస్తే ఆపుకోవాలి. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదలాలి. ఏటిగాలిలో అరిచిన గొంతు అది. అణిగి అణిగి గుసగుసయింది.

కార్డులు తడుస్తాయని నీళ్ళ సీసాలు గుమ్మం బయటే పెట్టాలి. లేచి వెళ్ళి తాగొచ్చు, ఎవరూ వద్దనరు. కాని షెడ్డుకు మరుగుదొడ్డి లేదు. మగాళ్ళు కాలవ గట్టుకు పోతారు. ఆడాళ్ళు ఎక్కడికి పోతారు పట్టపగలు? అందుకని నీళ్ళే మానుకున్నారు. మీకిది తెలియదా? తెలుసు.

ముందురోజు అచ్చాయమ్మకు కళ్ళు తిరిగాయి. ఎలాగైనా ఇవాళ ఫ్యాను వేయించాలని పొద్దున ఆటో ఎక్కినప్పుడే అనుకుంది. భోజనాలయ్యాక సూపర్‌వైజరు కిరణ్ కుమార్ బల్ల దగ్గరికి రాగానే పట్టుకుంది.

“ఏవండీ, చచ్చిన చేపకైనా ఐసేస్తారు కదండీ. మేం చేపకన్నా తీసిపోయామేంటండీ?”

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అతనూ నవ్వాడు.

“పిన్నిగారూ, మీ నోటికి దణ్ణమండి. ఫ్యానేస్తే ముక్కలు నా నెత్తిన రాలతాయి. సాయంత్రం లారీ వెళ్ళాలి. సరుకు ఎంత తొందరగా అయితే అంత తొందరగా ఫ్యాను. నా మాటండి.”

“మాటే కదా?”

“మాటేనండి.”

అచ్చాయమ్మ చీర కొంగు బిగించింది. ఆ ఫ్యాను కోసం, ఆ రెక్కల కింద కాసేపు కూర్చోవడం కోసం, ఆమె చేతులు ఉరికాయి. పక్కనున్న నాగదుర్గను తొందరపెట్టింది. “నువ్వు జిగురు రాయి, నేను అంటిస్తా. తల ఎత్తకు.” ఎవరూ ఎత్తలేదు. అందరి మణికట్లకూ గుడ్డపేలికలు. చెమట బొట్టు పడితే గులాబీ రంగు చెదిరి కార్డు పనికిరాకుండా పోతుంది.

కాసేపటికి అచ్చాయమ్మ పేలికలు విప్పేసింది.

“ఏంటత్తా?” అంది నాగదుర్గ.

“చెమట లేదే. ఆగిపోయింది.”

నాగదుర్గ ఆమె అరచెయ్యి తిప్పి చూసింది. కార్డు అట్టలా పొడిగా ఉంది. “అదృష్టవంతురాలివత్తా! నాకు కారిపోతోంది.”

కిరణ్ కుమార్ కూడా వచ్చి చూశాడు. “చూడండమ్మా పిన్నిగారి చేతులు! తడన్నదే లేదు. పనంటే అలా ఉండాలి.”

ఆ చేతులు చూసి అందరూ మెచ్చుకున్నారు. ఒంట్లో చెమటకి కూడా నీళ్ళు మిగల్లేదని ఒక్కరికీ తట్టలేదు! ఎవరు చెప్పారు వాళ్ళకి? చెప్పాల్సినవాడు గుమ్మంలో బోండాం తాగి పోయాడు.

“చలేస్తోందే దుర్గా,” అంది అచ్చాయమ్మ ఇంకాసేపటికి.

“ఈ ఎండలో చలా? పెట్టి పుట్టావత్తా!”

అచ్చాయమ్మ పువ్వు అంటించబోయి ఆగింది. బల్ల వంక కొత్తగా చూసింది. ఉన్నట్టుండి తలెత్తి, గుండెల నిండా గాలి పీల్చి, “చేపలోయ్!” అని కేకేసింది. రేకులు గింగురుమన్నాయి. బల్ల మీద ముక్కలన్నీ లేచి చెదిరాయి. షెడ్డు షెడ్డంతా పకపకా నవ్వింది. నాగదుర్గకు నవ్వలేక కళ్ళ నీళ్ళొచ్చాయి. “బాబోయ్, అత్త మళ్ళీ తట్టెత్తింది!”

“పిన్నిగారూ, ముక్కలండీ!” అని అరిచాడు కిరణ్ కుమార్.

అచ్చాయమ్మ మళ్ళీ వంగింది. ఆఖరి కార్డు దాకా చేసింది. అట్టపెట్టెలు లారీ ఎక్కుతుంటే అతను మాట నిలబెట్టుకున్నాడు. టేపు పీకి ఫ్యాను వేశాడు. ఆడవాళ్ళు జాకెట్లు వీపు నుంచి లాగి పట్టుకుని దాని కిందికి పరిగెత్తారు. అచ్చాయమ్మ బల్ల మీద తల వాల్చింది.

“లేపకండి. పాపం అలిసిపోయింది,” అంది నాగదుర్గ.

“పడుకోనివ్వండి,” అన్నాడు కిరణ్ కుమార్. ఆ షెడ్డులో ఒక మనిషిని పడుకోనివ్వమని అతను అనడం అదే మొదలు.

ఇంటికెళ్ళే ఆటో హారన్ కొట్టాక నాగదుర్గ భుజం తట్టింది. చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. కాలిన పెనం ముట్టుకున్నట్టుంది ఆ ఒళ్ళు.

ఆసుపత్రిలో స్ట్రెచర్ మీదికి మార్చేటప్పటికే ఊపిరి లేదు. ముసలయ్య తడి పంచెతోనే వచ్చాడు. పెళ్ళాం మొహం చూశాడు. పెదాలు పగిలి పెచ్చులు లేచి ఉన్నాయి.

“నీళ్ళు తాగిందా?” అని అడిగాడు.

నాగదుర్గ ఆ పొడి అరచేతిని తన చేతుల్లోకి తీసుకుంది. సురేంద్రగారు “ఎండదెబ్బండి, ఏం చేస్తాం,” అన్నారు.

ఏం చెయ్యాలో చెప్తాం, వినండి. కిటికీల చెక్కలు పీకి దోమతెర కొట్టండి. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టండి. నీళ్ళు బల్ల దగ్గరికి తెండి. మిట్టమధ్యాహ్నం పని ఆపండి. తనిఖీ దొరా, ఈసారి లోపలికొచ్చి ఆ రేకుల కింద కూర్చో. రేపటికి వాయిదా వద్దు, ఇవాళే. అచ్చాయమ్మ సీటులోకి వేరే మనిషి కావాలని పల్లెలోకి అప్పుడే కబురు పంపారట. ఖబడ్దార్! ఇవన్నీ అయ్యేదాకా ఎవ్వరూ కూర్చోవడానికి వీల్లేదు, ఆమె బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయిన ఆ చెక్క స్టూలు మీద.