నాలుగో మాట

గుడ్ ఫ్రైడే నాడు కాశీబుగ్గ దగ్గరి చర్చిలో ఏడుగురు మాట్లాడాలి. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు. నాలుగు సువార్తల్లో చెదురుమదురుగా ఉన్నవాటిని వరుసగా పేర్చి తలా ఒకటి పంచడం ఏటా జరిగేదే. నాలుగోదంటే అందరికీ భయం. ‘దేవా, నన్నెందుకు వదిలేశావు’ అన్న మాట మీద పావుగంట ఏం చెబుతారు? తప్పించుకోవడం చేతకాని శోభారాణికి దాన్ని అంటగట్టారు.

ఆమె ఒక ప్రైవేటు దవాఖానలో ఐసీయూ నర్సు. మధ్యాహ్నం అన్నం తింటూ ఆ సంగతి ల్యాబులో పనిచేసే మెహరున్నీసాకు చెప్పడమే ఆమె చేసిన తప్పు.

“తప్పుగ అనుకోకు శోభక్కా. మీ యేసు, మా ఈసా, మాకు గూడ పైగంబరే, ప్రవక్తే. మేమైతే ఆయనను సిలువే ఎయ్యలేదంటం, అది పక్కన పెట్టు. మీ లెక్కనే ఆయన దేవుడైతే, వదిలేసినవని ఎవర్ని అడిగిండు?”

“శుక్రవారం చర్చికి రా, చెప్త,” అంది శోభారాణి.

అడిగినామెకేం, పెరుగన్నం తిని హాయిగా వెళ్లిపోయింది. శోభారాణి సగం అన్నం వదిలేసి లేచింది. ఇంటికి పోయి నాలుగు సువార్తలూ ముందేసుకుంది. మార్కులో ఆ కేక ఉంది, మత్తయిలో ఉంది. లూకాలో లేదు. అక్కడ తన ఆత్మను తండ్రికి అప్పజెప్పి నెమ్మదిగా కన్నుమూశాడు. యోహానులోనూ లేదు. పని పూర్తయిందని తల వాల్చాడు. చిన్నప్పటి నుంచీ ఒకటే కథ అనుకుని విన్నది గానీ, పక్కపక్కన పెట్టి చదవడం ఇదే మొదలు.

“నలుగురు నాలుగు దిక్కుల నుంచి చూసిండ్రమ్మా,” అన్నారు పాస్టరు అయ్యగారు. ఆ జవాబు మనసుకు పట్టలేదు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోకీ వాకిట్లోకీ తిరుగుతుంటే భర్త సారయ్య విసుక్కున్నాడు. “జర ఒక్కదగ్గర కూసోరాదు!”

కూర్చుంటే ఇంకో ఆలోచన పట్టుకుంది. ఐసీయూ తలుపు బయట పోయినవాళ్ల బంధువులందరూ అడిగేది ఒకటే, ఆఖరికి ఏమన్నాడని. నొప్పికి అరిచి అరిచి పోయినవాడిని కూడా నిమ్మళంగా పోయాడనే చెబుతుంది ఆమె. మరి లూకా, యోహానులు చేసిందీ అదేనా? ఒక మనిషి వేసిన కేకను దిద్ది దిద్ది దేవుడి మాటగా చేశారా? ఆ మాట మనసులో అనుకున్నందుకే ఆమె గబుక్కున బైబిలు మూసేసింది. ఏ కష్టం వచ్చినా ‘యేసయ్యా’ అని పిలిచిన నోరు ఆమెది.

దాని వెనకే నబీ గుర్తొచ్చాడు. మెహరున్నీసా తండ్రి. నిరుడు ఆ ఐసీయూలోనే, కూతురు మందులకని కిందికి దిగిన పది నిమిషాల్లో పోయాడు. దేవుడొక్కడేనని చెప్పే కల్మా చదువుకుంటూ కళ్లు మూశాడని శోభారాణి ఆమెకు చెప్పింది. నిజానికి అతను అడిగింది వేరే. ‘మెహరూ ఏది? నన్నొక్కణ్ణి ఇడిచిపెట్టి ఏడికి పోయింది?’

శుక్రవారం మెహరున్నీసా నిజంగానే వచ్చింది, చివరి బెంచీలో కూర్చుంది. ఆమెను చూసేసరికి శోభారాణి రాసుకొచ్చిన కాగితం మడిచేసింది.

“ఈ మాట రెండు సువార్తలల్ల ఉన్నది, రెండిట్ల లేదు. ప్రేమున్నోళ్లు సచ్చేటోళ్ల మాటను మెత్తగ చేస్తరు. నర్సును గద, నాకెరుకే. యేసు దేవుడా అని ఇయ్యాల నన్నడిగితే తెల్వది. ఇన్నేండ్లు తెలుసనుకున్న. మార్కు మాత్రం ఆ కేకను ఉన్నదున్నట్టు రాసిండు. నాకు గంత ధైర్యం లేకపాయె. నేను మార్చి చెప్పిన.”

పావుగంట ప్రసంగం రెండు నిమిషాల్లో ముగిసింది. ఎవరూ ఆమెన్ అనలేదు. సారయ్య తల ఎత్తలేదు. అయ్యగారు గబగబా ఐదో మాటకు మనిషిని పిలిచారు.

గేటు దగ్గర మెహరున్నీసా చెయ్యి పట్టుకుని ఆపింది. “మా అబ్బ కల్మా చదవలేదు, గదా అక్కా?”

శోభారాణి ఉన్నదంతా చెప్పింది, ఒక్క ముక్క మింగలేదు. చెంప పగలగొడుతుందనే అనుకుంది.

“నన్నే అడిగిండా?” మెహరున్నీసా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. “ఆఖరికి నా పేరే అన్నడా? ఇంకోసారి చెప్పక్కా. ఎట్లన్నడో అట్లనే చెప్పు.”

ఏడాది పాటు ఆమె తండ్రి మాటను ఆమెకు దక్కకుండా చేసినందుకు సిగ్గుతో చచ్చిపోతూ, శోభారాణి మళ్లీ చెప్పింది.