ఎడమ కన్ను

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడిందట," అన్నారు మా ఆయన, మేజోళ్ళు విప్పి సోఫా కిందికి తోస్తూ.

ఆ బల్లిని నేనే. పిల్లల కంటి క్లినిక్‌లో రోజుకి నలభై మందికి చూపు పరీక్ష చేస్తాను. నా ఆరేళ్ళ కూతురికి ఎడమ కన్ను ఆనడం లేదని మాత్రం మూడు నెలల కిందట బడిలో టీచరు చెప్పాల్సి వచ్చింది. ఆదివారం తీరిగ్గా చూద్దామనుకునేదాన్ని. ఆదివారాలన్నీ బట్టలు ఉతకడానికే సరిపోయాయి.

"తల్లి ఇంటిపట్టున ఉంటే ఇలా అయ్యేదా?" అని ఆయన. "ఫోన్లు చేతికిచ్చి పెంచితే అంతే మరి," అని అత్తయ్య. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలా ఉండేదా అని డాక్టరమ్మ అడిగితే, "మా వైపు ఎవరికీ లేదండీ," అని టక్కున చెప్పి నా వైపు చూశారాయన. నేను సిగ్గుపడుతూ మా పుట్టింటి వాళ్ళ కళ్ళన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. మంచి కంటికి రోజూ నాలుగు గంటలు పట్టీ వేస్తే మందగించిన కన్ను పని నేర్చుకుంటుందనీ, ఏడెనిమిదేళ్ళు దాటితే కష్టమనీ చెప్పింది డాక్టరమ్మ. నేను ఇల్లు చేరేసరికి ఆరవుతుంది. అందుకని మధ్యాహ్నం పాప బడి నుంచి రాగానే పట్టీ వేసే పని అత్తయ్య తీసుకున్నారు.

నిన్నటి పరీక్షలో పాప ఒక్క వరుస కూడా ఎక్కువ చదవలేదు. అందుకే ఈ బల్లి మాట. "ఇంక ఉద్యోగం మానెయ్. వేరే దారి లేదు," అన్నారు. వాదించే ఓపిక నాకూ లేదు. సరేనన్న మాట నోటిదాకా వచ్చింది.

పాపని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి పట్టీ తీశాను. నాలుగు గంటలు ఉన్న పట్టీ కంటి చుట్టూ ఎర్రటి గుర్తు వదులుతుంది, క్లినిక్‌లో రోజూ చూసేదే. పాప బుగ్గ మీద ఏమీ లేదు. ఇన్నాళ్ళూ నేను చూడనే లేదు. వస్తూనే పొయ్యి ముందు నిలబడితే ఎప్పుడు చూస్తాను?

"ఎప్పుడు వేశారే ఇది?"

"ఇందాకే. నువ్వు గేటు తీస్తుంటే నాన్నమ్మ అంటించింది."

అత్తయ్య వెనకే వచ్చారు. "పిల్ల అలా ఏడుస్తుంటే ఎలా చూడమంటావు? ఒక కన్ను కాస్త తక్కువైతే కొంపలేం మునిగాయి? వాడికీ చిన్నప్పట్నుంచీ ఎడమ కన్ను అంతేగా. ఉద్యోగం చెయ్యట్లేదా? నిన్ను చేసుకోలేదా?"

"అమ్మా!" అన్నారాయన. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు.

పెళ్ళినాడు కాకపోతే పోనీ, పాప పుట్టాకైనా ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే, మూడేళ్ళు నిండగానే నా చేతులతో నేనే పరీక్ష చేసేదాన్ని. మూడేళ్ళు తినేశారు నా పిల్లవి. ఒళ్ళు మండిపోయింది. కానీ అరవడానికీ ఓపిక కావాలి కదా.

డబ్బాలోంచి కొత్త పట్టీ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నేను మానను. రేపటి నుంచి మధ్యాహ్నాలు సెలవు మీరు పెట్టండి. నాలుగు గంటలూ పాప ఎదురుగా కూర్చోండి. ఏ కంటితో చూసుకుంటారో మీ ఇష్టం."