గోడ మీద మొలకలు

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నా చేతులు మోచేతుల దాకా మట్టిలో ఉన్నాయి. ఉర్మాస్ ఫోను నా చెవి దగ్గర పట్టుకున్నాడు. వచ్చే శనివారం అత్తయ్యను ఇంటికి తీసుకుపోవచ్చట. నేను ఆ మట్టికాళ్లతోనే గదంతా గంతులు వేశాను.

"విన్నావా? మీ అమ్మ వచ్చేస్తోంది."

"ఊఁ. మంచిదే," అని అతను మళ్లీ తాపీ అందుకున్నాడు.

ఈ దుంగల ఇల్లు ఉర్మాస్, వాళ్ల నాన్న ఆర్వో కలిసి కట్టుకున్నది. కిందటి శరత్కాలంలో మామయ్య ఓట్స్ నూరుస్తూ కొట్టంలోనే కూలిపోయారు. ఆ వెంటనే అత్తయ్య లైదాకు పక్షవాతం. ఉర్మాస్ ఏడవలేదు. అప్పటినుంచి నవ్వలేదు కూడా. అన్నీ చేస్తాడు, పెడితే తింటాడు. ఈస్టర్‌కు మా పెళ్లయింది. అలాంటి మనిషిని ఎందుకు చేసుకున్నావే అని మా అక్క అడిగింది. ఇష్టం, అంతే.

నా సంతోషం మాత్రం ఆ ఇంట్లో ఒంటరిగా తిరిగేది. కొత్త దుంగలు ఆరుతూ కిందికి కుంగుతాయని తలుపుల పైన వదిలిన సందు ఈ వసంతంలో తగ్గలేదు. అంటే దుంగలు కుంగడం ఆగింది, ఇక పూత వేయొచ్చు. అది చాలు నాకు పండగకు. బంకమట్టి, ఇసుక, తరిగిన గడ్డి కలిపి వట్టి కాళ్లతో తొక్కుతుంటే వేళ్లు మొద్దుబారేవి. తొట్టిలో ఒక కప్ప దొరికితే దానితో కాసేపు మాట్లాడాను. గడ్డి చాలకపోతే ఉర్మాస్ కొట్టంలోంచి ఒక మోపు తెచ్చాడు. దుంగలకు కొట్టిన రెల్లు చాపల మీద పూత వేసి, అత్తయ్య గది త్వరగా ఆరాలని వారమంతా పొయ్యి రాజేశాను.

శుక్రవారం పొద్దున చూస్తే గోడ పచ్చగా ఉంది. నూగులా, గోడ నిండా మొలకలు. నాకు నవ్వొచ్చింది.

ఉర్మాస్ వచ్చి ఒక మొలకను వేలితో తాకాడు.

"నాన్న నూర్చకుండా వదిలేసిన మోపు ఇది. గింజలు అందులోనే ఉండిపోయాయి."

ఆ వేలిని చొక్కాకు తుడుచుకుని, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు: "గోడ ఇంకా తడిగానే ఉంది. అమ్మను ఇంకో నెల అక్కడే ఉంచుదాం."

నెల పోయాక ఇంకో కారణం దొరుకుతుందని నాకు తెలుసు. నాన్న పక్కన లేని అమ్మను అతను ఈ ఇంట్లో చూడలేడు. నేను అత్తయ్యకు ఫోను కలిపి, ఇద్దరికీ వినబడేలా పెట్టి, సంగతి చెప్పాను.

"గోడ మీద పైరా?" అత్తయ్య మాట ఇంకా ఒక పక్కకు జారుతోంది. "ఎంత ఎత్తొచ్చిందే అమ్మాయ్?"

"గోరంత, అత్తయ్యా."

"ఒరేయ్ ఉర్మాస్, నూర్చని గడ్డి గోడకు కొట్టావట్రా? మీ నాన్న చూస్తే మేకకు బదులు నిన్నే కట్టేసి మేపేవాడు."

"నాన్న లేడు కదమ్మా."

ఫోనులో ఎవరిదో దగ్గు వినబడింది.

"లేడు. నాకు తెలీదనుకున్నావా? అందుకని నన్నూ ఇక్కడే వదిలేస్తావా?"

"గది తడిగా ఉందమ్మా."

"వంటిల్లో?"

"వంటిల్లు ఆరింది," అన్నాను, అతను నోరు తెరిచేలోగా.

"అయితే పొయ్యి పక్కన మంచం వేయండి. ఆ మొలకల జోలికి పోకండి, గోడ ఆరితే అవే వాడిపోతాయి. ఎడమచేతికి ఇంకా ఏమీ తెలియట్లేదు గానీ, కుడిచేత్తో ఆలుగడ్డలు చెక్కగలను. ఇక్కడి గంజి నావల్ల కాదురా."

ఫోను పెట్టేశాక ఉర్మాస్ బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. అతని ముఖంలో ఏమీ మారలేదు. పక్కన చోటు లేక నేను నేల మీదే కూర్చున్నాను.

"రేపు పొద్దున్నే వెళ్దాం," అన్నాడు. "కారులో పక్క సీటు వెనక్కి వాల్చి అమ్మకు దిండ్లు వేస్తాను. నువ్వు వెనక కూర్చో. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. నాకు చేతకాదు."