నిలువు కుట్లు

ఆ కారును షెడ్డులో పెద్దత్త అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది మేస్త్రి భార్య. ఏం చేసినా ఆ బండి ఏదో ఒక వంక పెట్టేది మరి. తలుపు సరిచేస్తే అద్దం బిగుసుకునేది, అద్దం వదులు చేస్తే గొళ్లెం పడేది కాదు.

దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ రకం బండ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయట. మొదట ఒక నూలు మిల్లు యజమాని కొన్నాడు. ఆయన తర్వాత ఒక డాక్టరమ్మ చేతికొచ్చింది. వేళాపాళా లేని కాన్పులకు తిరిగి తిరిగి ఆవిడ దాన్ని అరగదీసింది. తర్వాత అద్దెలకు తిరిగి, చివరికి ఎవరి గోదాములోనో కోళ్లకు గూడయింది. అక్కడి నుంచి దాన్ని ఓడల మీద పనిచేసి రిటైరైన కెప్టెన్ కొని, లాగించుకుని షెడ్డుకు తెచ్చాడు. ఆ రోజు వెనక సీటులో ఒక గుడ్డు ఉంది.

"పెద్దత్త గుడ్డు పెట్టిందండోయ్!" అంటూ మేస్త్రి భార్య కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

పాత కార్లు బాగుచేసే ఆ షెడ్డులో రేకు పని మేస్త్రిది, సీట్ల పని ఆవిడది. పాత కవరును ఆవిడ ఎప్పుడూ చింపేది కాదు. కుట్టు కుట్టునూ విప్పి, ఒక్కో ముక్కనూ కొత్త తోలు మీద పరిచి, చుట్టూ సుద్దముక్కతో గీసి కత్తిరించేది. పాతదే కొత్తదానికి అచ్చు. పెద్దత్త సీట్లూ అలాగే కుట్టింది. నిలువుగా, దువ్వెనతో దువ్వినట్టు సాగే కుట్లు. వాటితోనే ఆవిడ పని ఆగిపోయింది. మంచం పట్టింది, మళ్లీ లేవలేదు.

మొదట్లో మేస్త్రి ఆ కారు తలుపు తీసేవాడు కాదు. తర్వాత రోజూ కాసేపు ముందు సీటులో కూర్చోవడం అలవాటైంది. ఇంట్లో ఆవిడ వస్తువులన్నీ మనిషి లేదని గుర్తుచేసేవి. ఈ సీటు మాత్రం వీపును ఆనించుకునేది.

రంగు ఆరాక, బండి అంతా పుట్టినప్పటిలాగే ఉందో లేదో చూసి పత్రం ఇవ్వడానికి పాత కార్ల సంఘం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. బానెట్టు చూశాడు, మీటర్లు చూశాడు, తలుపులు వేసి తీసి ఆ చప్పుడుకే మురిసిపోయాడు. చివర్లో వెనక సీటు కింది చెక్క పలకను విప్పించాడు. గట్టిగానే ఉంది కదా అని మేస్త్రి ఎప్పుడూ విప్పని పలక అది. దాని అడుగున, తుప్పు మేకుల కింద, చారెడు పాత తోలు ఇరుక్కుని ఉంది. దాని మీద కుట్లు అడ్డంగా ఉన్నాయి.

ఆయన ఆ తోలు ముక్కను వెలుతురులోకి పట్టి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని, "డాక్టరమ్మ హయాంలో ఎవరో సీట్లు మార్చేసినట్టున్నారు. మీకు అచ్చుగా దొరికింది ఆ మార్చినదే. ఇలాగైతే పత్రం ఇవ్వలేను. పనిలో లోపం లేదండీ. నేనింత శుభ్రమైన కుట్టు చూసి ఎన్నాళ్లయిందో," అన్నాడు.

ఆ మాట చివర్లో ఆయన గొంతు తగ్గడం మేస్త్రి గమనించాడు. ఎవరు కుట్టారో ఆయనకు ఎవరో చెప్పే ఉంటారు.

ఆయన వెళ్లాక కెప్టెన్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "పత్రం లేకపోతే కొంపలేం మునగవు మేస్త్రీ. సీట్లు ఇలాగే ఉండనియ్."

"ఉండనిస్తే ఆవిడ ఊరుకోదు సార్."

"ఇప్పుడెవరు అడుగుతారయ్యా?"

"ఒకసారి తలుపు వెంట్రుకవాసి వంకరగా పెట్టానని నాచేత మొత్తం ఊడదీయించింది. నేనైతే అలాగే వదిలేసేవాణ్ణి. తప్పని తెలిశాక ఆవిడైతే ఈపాటికి బ్లేడు పట్టుకునేది."

మర్నాడు మరదలు వచ్చింది. అక్క దగ్గరే సీట్ల పని నేర్చుకుని ఊళ్లో సొంతంగా దుకాణం పెట్టుకున్న మనిషి.

"జరుగు బావా, నేను విప్పుతాను. నీ చేతులు సుత్తి చేతులు. నువ్వు సూది పట్టుకుంటే అది భయంతో వంగిపోతుందని అక్క అనేది."

"కుట్టేది నువ్వే. విప్పేది మాత్రం నేను."

ఆ పిల్ల బ్లేడు అందించి, టీ పెట్టే నెపంతో లోపలికి పోయింది.

వెనక సీటు మొదట కుట్టినది. దాని దారం మొత్తానికీ ఒకటే ముడి. అది ఆవిడ ఎక్కడ దాచిందో దొరక్క కాసేపు వెతుక్కున్నాడు. 'నా ముడి నీకు ఈ జన్మలో దొరకదు' అని ఏడిపించేది. చివరికి కుడి మూల మడత లోపల దొరికింది. విప్పగానే దారం ఒక్క పట్టున జరజరా వచ్చేసింది.

ముందు సీటు అలా లేదు. బయటి నుంచి చూస్తే అదే తీరు, అదే వరస. తిరగేస్తే అడుగంతా ముడులు. జానెడు కుట్టి ఒక ముడి. బెత్తెడు కుట్టి ఇంకో ముడి. మూలకు వచ్చేసరికి నాలుగు కుట్లకొకటి.

"మరదలా," అని పిలిచాడు. "ఇదేంటో చూడు."

ఆ పిల్ల టీ గ్లాసులు కింద పెట్టి, వంగి చూసింది. ముడుల మీదుగా వేలు పోనిచ్చింది.

"చేతులు ఆడక ఆపేసి ఉంటుంది బావా. ఆపినప్పుడల్లా ముడేసింది. వదిలేస్తే దారం వదులైపోతుందిగా."

"బానే ఉన్నావా అంటే, పోయి నీ రేకులు చూసుకోమనేది."

"మరి నీతో చెబితే కుట్టనిచ్చేవాడివా?"

ఆయన మళ్లీ సీటు మీదికి వంగాడు. ఒక్కో ముడినీ బ్లేడు మొనతో, తోలుకు గీత పడకుండా విప్పాడు. టీ చల్లారిపోయింది. మరదలు మళ్లీ వేడిచేసి తెచ్చింది, అదీ చల్లారింది. ప్రతి ముడి దగ్గరా ఆవిడ ఒకసారి ఊపిరి తీసుకుని ఉంటుంది. అక్కడక్కడే ఆయనా ఆగాడు.

సాయంత్రానికి కొత్త తోలు బల్ల మీద పరిచారు. కుట్లు అడ్డం కావాలి గానీ, సీటు కొలత మారలేదు. అందుకని ఆవిడ కోసిన ముక్కలే అచ్చు. మొదటి ముక్కను మరదలు చదునుగా పరిచింది.

"గట్టిగా నొక్కి పట్టుకో. కదిలితే అక్క కొలత పోతుంది."

ఆయన రెండు అరచేతులూ దాని మీద ఆనించాడు. సుద్దముక్క అంచు వెంబడే మెల్లగా వచ్చి, అంచు దాటి ఉన్న ఆయన వేళ్ల చుట్టూ తిరిగి ముందుకు పోయింది.

"అయ్యో, నీ వేళ్లు కూడా గీసేశాను చూడు!" అని ఆ పిల్ల నవ్వి, ఆ గీత చెరిపేయడానికి గుడ్డ తీసుకుంది. "ఇక చెయ్యి తియ్యి బావా. అయిపోయింది."

ఆయన చేతులు అలాగే ఉన్నాయి.

మరదలు గుడ్డ పక్కన పెట్టి, వెళ్లి షెడ్డు దీపం వేసి వచ్చింది. మళ్లీ తియ్యమనలేదు.