అమ్మ సీసాలో పలుకులు

మా పటిక ఫ్యాక్టరీలో మూడో తొట్టి అమ్మది. అమ్మ పోయాక నాకిచ్చారు. వేడి ద్రావణం చల్లారుతూ, ఇంకా తేటగా ఉన్నప్పుడే అందులో సన్నటి పటిక పలుకులు చల్లాలి. వాటిని మేం విత్తనం అంటాం. వాటి చుట్టూ కొత్త పటిక పేరుకుని ఒక్కో పలుకూ శనగగింజంత అవుతుంది. ఆలస్యమైతే తొట్టంతా ఒక్కసారిగా బురద కడుతుంది. తొందరపడితే విత్తనమే కరిగిపోతుంది.

ఆ రోజు నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు, మా తొందరయ్య, ఆ రెండో ఘనకార్యం చేసిపెట్టాడు. పొగలు కక్కుతున్న తొట్టిలో విత్తనమంతా కుమ్మరించాడు.

"నీకు సాయం చేద్దామనే అక్కా..."

"నీ సాయం తగలెయ్య! కొంచెమైనా మిగిల్చావా?"

డబ్బా బోర్లించి చూపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్తగా నూరుకుందామన్నా, తయారైన సరుకంతా నిన్ననే లారీ ఎక్కింది.

ఇక విత్తనం ఉన్నది ఒక్కచోటే. అమ్మ చివరిసారి తీసిన పటికలోంచి కాసిని పలుకులు నూరి, జల్లించి సీసాలో పోసింది. ఆ సీసా కింద వడపోత గదిలో పనిచేసే నాన్న దగ్గరుంది. అమ్మ పోయినప్పటినుంచీ ఆయన దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మెట్లు దిగాను గానీ సీసా మాట ఎత్తలేకపోయాను. "నాన్నా, విత్తనం లేదు" అని మాత్రం అన్నాను.

ఆయనకు అర్థమైంది. "అది ఇవ్వను."

"తొట్టి పాడైపోతుంది నాన్నా."

"పోనీ."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపమూ వచ్చింది, నా మీద అసహ్యమూ వేసింది. పైకొచ్చి టార్చి వేసి చూశాను. ద్రావణం ఇంకా తేటగానే ఉంది, కానీ ఎంతోసేపు ఉండదు.

మెట్ల మీద ఆయాసం వినబడింది. నాన్న సీసా నా చేతికివ్వలేదు. తనే తొట్టి చుట్టూ తిరుగుతూ చల్లాడు. చివర్న సీసాను అంచుకు తట్టి దులిపాడు.

"మీ అమ్మైతే ఈపాటికి మన ముగ్గుర్నీ కలిపి దులిపేసేది" అన్నాడు. తొందరయ్య తల దించుకున్నాడు.

పటిక తయారయ్యాక కింద వడపోత గదిలోకి వదిలాం. నాన్న గుప్పెడు పలుకులు తీసి అరచేతిలో దొర్లించాడు. అన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి.

"ఒక్కోదాని లోపల మీ అమ్మ పలుకే ఉంది కదూ?" అన్నాడు.

కాసేపటికి ఖాళీ సీసా నా చేతిలో పెట్టాడు.

"ఇవి ఆరాక నూరి నింపుకో. పైనే ఉంచు. నా దగ్గరుంటే ఇంకోసారి ఇవ్వలేను."