అరువు బీపీ

“తాతగారూ, లోపలికి రండి!” అని మాస్కులోంచి నర్సు పిలవగానే వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది. అంటే తాతను నేనే! యాభై ఒకటో ఏట, జుట్టు ఇంకా సగం నల్లగా ఉండగానే! ఆ సాయంత్రమే మిగతా సగానికీ రంగేయించాను.

ఒకే బీపీ మాత్ర ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు పనిచేయదో తేల్చడానికి ఆ ఆసుపత్రివాళ్ళు మాలాంటి బీపీ ఉన్న మామూలు జనం సాయం అడిగారు. ఒకసారి రక్తం ఇవ్వాలి. వాళ్ళిచ్చిన మాత్ర వేసుకుంటూ, రోజూ పొద్దున్నే బీపీ చూసుకుని పుస్తకంలో రాయాలి. దాన్నిబట్టి ఎవరి ఒంటికి తగ్గ మందు వాళ్ళకి. నేను దర్జీని, కొలత తీసి కుట్టడం నాకు కొత్తా? మా ఆవిడ చెల్లెలి మొగుణ్ణి, తాళాలు బాగుచేసే మా తోడల్లుణ్ణి కూడా నేనే చేర్పించాను. అదే కొంప ముంచింది.

నెల తిరిగేసరికి నా బీపీ బుద్ధిగా దిగింది. వాడిది దిగలేదు. అది దిగకపోయేసరికి వాడు ఎక్కడికో ఎక్కిపోయాడు! డాక్టరమ్మ స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి గంటసేపు కూర్చుందట.

“మా మరిదిగారి రక్తం లక్షలో ఒకటట,” అంది మా ఆవిడ వడ్డిస్తూ.

“మరి నాదో?”

“మీది మామూలేనటండీ.”

ఆ ‘మామూలే’ నాకు ముల్లయింది. లోకం ఎదుటివాడి సిరి చూసి కుళ్ళుకుంటుంది. నేను ఎదుటివాడి బీపీ చూసి కుళ్ళుకున్నాను.

ఆదివారం వాళ్ళింట్లో వాడి అంకెలు చీటీకి ఎక్కించి, నా పుస్తకంలోకి దింపాను. ఆసుపత్రిలో అది చూసి డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. “ఇక్కడ మేం బీపీ చూస్తే బాగానే ఉంది. పొద్దున్నపూట మీకూ పెరుగుతోందే!” ఎంత హాయి! మాత్ర రెట్టింపు చేసింది.

అరువు సొమ్ము బరువు చేటు. అరువు బీపీ తలకు చేటు. నాలుగోరోజు కోటు చెయ్యి కత్తిరిస్తుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. కోటు చెయ్యి కురచయింది, నేను బల్ల కింద చేరాను.

ఆసుపత్రిలో కళ్ళు తెరిస్తే మంచం చుట్టూ అందరూ. డాక్టరమ్మ చేతిలో రెండు పుస్తకాలు.

“మీ ఇద్దరి అంకెలూ కవలపిల్లల్లా ఉన్నాయి. రక్తాలు మాత్రం వేరు. వీటిని నమ్మి రేపు ఇంకెవరికో మందు రాస్తే వాళ్ళ గతేంటి?”

నిజం కక్కేశాను.

“పక్కవాడి కొలతతో చొక్కా కుడితే మీరు ఊరుకుంటారుటండీ?” అంది మా ఆవిడ.

“ఒక్క మాత్రకే నీకు దిగిందని నేనేడుస్తుంటే, నా జబ్బు లేదని నువ్వేడ్చావా అన్నయ్యా!” అన్నాడు తోడల్లుడు.

“మందు పనిచేసినవాళ్ళ లెక్క లేకపోతే పనిచేయనివాళ్ళ సంగతి నాకెలా తెలుస్తుంది? మీ మామూలు అంకెలే నాకు కావాలి,” అంది డాక్టరమ్మ.

“ఉన్నాయమ్మా. కొట్లో కొలతల పుస్తకంలో, ఛాతీకీ నడుముకీ మధ్య రోజూ రాశాను. కొలిచింది రాయకపోతే నా చెయ్యి ఊరుకోదు.”

“అయితే తెప్పించండి, తాతగారూ!” అంది నర్సు.

“చూశారా, మళ్ళీ తాత!” అని లేచి కూర్చున్నాను.

నర్సు మాస్కు కిందికి లాగి, అందరికీ వినబడేలా చెప్పింది: “తాత కాదండీ, దాత! రక్తం ఇచ్చిన ప్రతివాళ్ళనీ దాతగారనే పిలుస్తాం. మీ తోడల్లుడుగారినీ అంతే.”

అందరూ నా జుట్టు వైపు చూశారు.